కాలవ పక్క ముప్పై సెంట్లు

జూలై 3

ఈ డైరీ నాన్నది. జనవరిలో ఎరువుల కొట్టువాళ్ళు ఇచ్చారు. మొదటి పేజీలో కొబ్బరి దింపు తేదీ ఒకటి రాసి, ఆ తరవాత ఆయన ముట్టుకోలేదు. కాగితం మంచిది, పారేయడం ఎందుకని నేను తీసుకున్నాను. కాలేజీ ఆఫీసులో ఇరవై ఆరేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరి దరఖాస్తులూ రాశాను. నా కోసం ఒక్క ముక్క రాసుకున్న పాపాన పోలేదు.

నాన్న పోయి రెండు వారాలు. కర్మలు లోటు లేకుండా జరిగాయి. పెద్దకర్మ నాటి పనసపొట్టు కూర బాగుందని ముగ్గురు నాతో విడివిడిగా చెప్పారు. చావింట్లో ఇంకేం చెబుతారు.

ఇక మిగిలింది తోట. ముమ్మిడివరం అవతల, కాలవగట్టు రోడ్డుని ఆనుకుని ఎనభై సెంట్లు. లోపల పెంకుటిల్లు. వీలునామా లేదు. వారసులం ఇద్దరం, మురమళ్ళలో ఉన్న సత్యక్కా, నేనూ. పొద్దున్నే శ్రీదుర్గ కాఫీ గ్లాసు చేతికిచ్చి, "అమలాపురంలో అద్దిళ్ళు మారీ మారీ నా నడుం విరిగిపోయిందండి. మంచి ప్లీడరు గారిని చూడండి. ఆ పని అయిపోతే రోడ్డు పక్కన చిన్న ఇల్లు వేసుకుందాం" అంది. ఇరవై ఏళ్ళలో ఏడిళ్ళు మారాం. మా ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

నాన్న ఆఖర్న ఏమీ అనలేదు. అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పాను.

జూలై 5

పదో రోజు సంగతి రాసేస్తే తలలోంచి పోతుందేమో.

అక్క నాలుగేళ్ళ తరవాత వచ్చింది. అమ్మకి జబ్బు చేసినప్పుడు రాజమండ్రి తీసుకెళదామని అక్క అంది. ఇక్కడి మందులు చాలని నాన్న అన్నారు. అమ్మ పోయింది. అందరి ముందూ అక్క, "నువ్వే చంపేవు నాన్నా. ఇంక నీ గుమ్మం తొక్కను" అంది. తొక్కలేదు. నాన్నని వాకిట్లో పడుకోబెట్టారు కనక ఆయన పోయిన రోజున కూడా తొక్కాల్సిన అవసరం రాలేదు.

పదో రోజు రేవు దగ్గర పిండం పెట్టాం. చెట్ల మీద బోలెడు కాకులు. ఒక్కటీ దిగదు. ఇలాంటప్పుడు పోయినవాళ్ళకి తీరని కోరిక ఏదో ఉందంటారు. ఒక్కొక్కరే ముందుకొచ్చి, అది మేం చూసుకుంటాం, నిశ్చింతగా వెళ్ళండి అని మాటివ్వాలి. సరైన మాట పడితే కాకి ముడుతుంది. ఇంట్లో దీపం ఆరిపోకుండా చూస్తామని ఒకరు, ఆవుని అమ్మబోమని ఒకరు మాటిచ్చారు. కాకి కదల్లేదు.

అప్పుడు అక్క తడినేల మీద బోర్లా పడిపోయింది. "ఆ మాట అన్నందుకు నన్ను క్షమించు నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటాను. ముట్టు నాన్నా" అని ఏడ్చింది. నుదుటి నిండా మట్టి. అయినా రాలేదు. ఎవరో లేవదీసి పక్కకి తీసుకెళ్ళారు. ఆవిడ అటు వెళ్ళిందో లేదో కాకి దిగింది.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. అక్క మాత్రం, "నేను తప్పుకుంటే గాని ముట్టలేదు. చచ్చినా నా మీద కోపం పోలేదు నాన్నకి. ఆయనది ఇంక నాకేదీ వద్దు" అంది.

సరిగ్గా ఆ క్షణంలో నేను మనసులో ఒక మాట అనుకున్నాను. అది ఎవరికీ తెలియదు. కాకికి ఆకలేసి దిగింది, అంతే.

జూలై 8

అమలాపురంలో శ్రీరామచంద్రమూర్తి గారి ఆఫీసుకి వెళ్ళాను. ఆస్తి తగాదాల్లో ఆయన తరవాతే ఎవరైనా అంటారు. గుమస్తా నా కాగితాలు తిరగేసి, "డెత్ సర్టిఫికెట్టు ఉందండి. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు ఏదండి?" అన్నాడు. అర్జీ పెట్టానన్నాను. గంటన్నర బెంచీ మీద కూర్చోబెట్టాడు, నేను మా ఆఫీసులో పిల్లల్ని కూర్చోబెట్టినట్టే.

ప్లీడరు గారు కళ్ళద్దాల మీంచి చూసి, "ఆడపిల్లలెవరన్నా ఉన్నారాండి?" అన్నారు.

"ఒక్క అక్కండి."

"అయితే సగం ఆవిడదేనండి. వదులుకుంటానంటే హక్కు విడుదల దస్తావేజు రాసుకోవచ్చు. రిజిస్ట్రారు గారి ముందు ఆవిడ సంతకం, వేలిముద్ర పడాలి. వదులుకుంటారా?"

"ఆయ్. ఏమీ వద్దందండి."

"ఎందుకు వద్దన్నారు?"

ఇందులో ఉలిక్కిపడాల్సిందేమీ లేదు. నేను మాత్రం ఉలిక్కిపడ్డాను. నాన్నగారితో మాటల్లేవండి అన్నాను. "మాటల్లేకపోతే ఆస్తి కూడా వద్దంటారా? నలభై ఏళ్ళలో చూళ్ళేదండి నేను" అని ఆయన నవ్వారు. ఊరికే నవ్వారు, పాపం. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను కాగితాలు సర్దుకుని లేచిపోయాను.

ఆయన దగ్గర జనం ఎక్కువ, మన పని ఇప్పట్లో కాదని శ్రీదుర్గకి చెప్పాను.

జూలై 9

వేరే ప్లీడర్ని చూడాలి. ఎక్కువ ప్రశ్నలు అడగనివాణ్ణి.

జూలై 14

ఆఫీసులో నా పక్క కుర్చీ బుజ్జిబాబు, తనకి తెలిసినాయన ఉన్నాడని తాటిపాక దాకా బండి మీద తీసుకెళ్ళాడు. ఆ ప్లీడరు పేరు ఇక్కడ రాయను. ప్రశ్నలేమీ అడగలేదు. అది నచ్చింది. టీ తెప్పించి, "మీ నాన్నగారి సంతకం ఉన్న కాగితాలేమన్నా ఉన్నాయాండి?" అన్నాడు. ఎందుకండి అన్నాను.

"వీలునామా ఒకటి ఉందనుకుందామండి. రెండేళ్ళ కిందటి తేదీ వేద్దాం. సాక్షులు మన దగ్గరున్నారు. ఇంక అక్కగారి ఊసే ఉండదు."

నేను లేచి నిలబడ్డాను. అలాంటి మనిషిని కానండి అన్నాను. వచ్చేటప్పుడు దారి పొడుగునా బుజ్జిబాబు, "నీలాంటోడు ఈ రోజుల్లో ఉండడు కుమారూ. ఇంకోడైతే ఎగిరి గంతేసేవాడు" అన్నాడు. ఆ మాట నాకెంత బాగుందో చెప్పలేను. ఇంటికి కాజాలు కొనుక్కెళ్ళాను. శ్రీదుర్గకి సంగతంతా రెండుసార్లు చెప్పి, నేనే నాలుగు తిన్నాను.

జూలై 15

లేని మాట పుట్టించడం పాపం. ఉన్న మాట మింగెయ్యడం?

రాసేస్తాను. చదివేవాళ్ళెవరు.

పోయే ముందురోజు మధ్యాహ్నం. కరెంటు లేదు. శ్రీదుర్గ మందులకని వెళ్ళింది. నేను విసనకర్రతో విసురుతున్నాను. నాన్న కళ్ళు తెరిచి, "కాలవ పక్క ముప్పై సెంట్లూ సత్యానిది" అన్నారు. సరే నాన్నా అన్నాను. "గంగబొండం చెట్లు నాలుగూ దాన్లోనే పడతాయి. నా గుమ్మం తొక్కనంది కదా. రోడ్డు పక్కదైతే తొక్కకుండానే దింపించుకుంటుంది. దానికి చెప్పు" అన్నారు. తరవాత నీళ్ళడిగారు. రెండు చెంచాలు తాగారు. మర్నాడు పదకొండింటికి పోయారు.

ఆ ముప్పై సెంట్లే రోడ్డు ముఖం. అది పోతే మాకు మిగిలేది వెనక పెంకుటిల్లూ, దానికొక సందూ. శ్రీదుర్గ ఇల్లు వెయ్యాలనుకుంటున్నది అక్కడే.

పదో రోజు నేను మనసులో అనుకున్నది "ఇచ్చేస్తాను నాన్నా" అని. కాకి ముట్టాక నా మనసు మారింది. అక్కని లేవదీసి పక్కకి తీసుకెళ్ళింది కూడా ఎవరో కాదు, నేనే. ఆవిడ అలా పడి ఏడుస్తుంటే చూడలేకపోయాను. చూడలేకపోతే చెప్పాలి గాని, పక్కకి తీసుకెళ్ళడమేమిటి.

జ్వరంలో అన్న మాట అది. నూట మూడు ఉంది.

జూలై 16

నూట ఒకటి. మందుల చీటీ వెనకాల నేనే రాసిపెట్టాను.

జూలై 22

మా తోటలో దింపు తీసే అబ్బులు చెప్పాడు. "మా పెద్దమ్మ గొడవ ముమ్మిడివరంలో శారోన్ గారని ప్లీడరమ్మ గారు చూసేరండి. ఆవిడ రాసిందంతా చదివి వినిపించి, మనం అర్థమైందన్నాక గాని సంతకం పెట్టనివ్వరండి."

ఇలాంటి మనిషే కావాలనిపించింది. అంత పద్ధతైనావిడ చేతుల మీద జరిగితే తప్పెలా అవుతుంది? తప్పుంటే ఆవిడే ఆపుతుంది కదా.

మందుల షాపు మేడ మీద చిన్న గది. ముప్పై అయిదేళ్ళుంటాయేమో ఆవిడకి. గుమస్తా లేడు, తనే రాసుకుంటున్నారు. అన్నీ విని, "వీలునామా లేదు, సరే. నోటితో ఎవరికన్నా ఏమన్నా ఇమ్మని చెప్పేరాండి మీ నాన్నగారు?" అన్నారు.

"లేదండి."

తరవాత, నా స్నేహితుడి సంగతి ఒకటుందండి అన్నాను. తండ్రి పోతూ పోతూ ఫలానా ముక్క ఫలానావాళ్ళకి ఇమ్మని చెప్పాడనీ, కాగితం లేదనీ, అది చెల్లుతుందా అనీ అడిగాను.

"కోర్టులో చెల్లదండి" అన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఇంట్లో చెల్లుతుందో లేదో మీ స్నేహితుడు గారే చూసుకోవాలి" అని, నా వంక చూడకుండా రాసుకుంటూ, "అక్కగారిని ఒకసారి తీసుకురండి. వద్దన్న మాట ఆవిడ నోటితో వినాలి నేను" అన్నారు.

ఆగస్టు 2

మురమళ్ళ వెళ్ళాను. అక్క వీధరుగు మీద కూర్చుని కొబ్బరాకుల ఈనెలు గీస్తోంది. చీపుళ్ళు కట్టి ఇస్తుంది కొట్లకి. బావగారు మాణిక్యాలరావు మస్కట్‌లో డ్రైవరుగా చేసి నడుం పట్టేసి వచ్చేశారు. మంచం మీంచే, "రావయ్యా కుమారస్వామీ" అన్నారు. రెండు గదుల ఇల్లు. వాన నీళ్ళు పడేచోట గిన్నె పెట్టి ఉంది.

సంతకం సంగతి చెప్పాను. అక్క చేతిలో కత్తి ఆగలేదు. "ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తాన్రా. నాకేం వద్దు. నాన్నది ముట్టుకునే మొహం నాకేదీ?" అంది. బావగారు ఏదో అనబోతే, "మీరూరుకోండి" అంది.

అన్నం పెట్టింది. చింతచిగురు వేసి రొయ్యలు వండింది. నాకిష్టమని ఇంకా గుర్తుంది. రెండోసారి వడ్డిస్తూ, నా మొహంలోకి చూడకుండా అడిగింది.

"పోయే ముందు నన్నేమన్నా అన్నారా తమ్ముడూ? తిట్టినా పర్లేదు. చెప్పు."

"లేదక్కా. ఏమీ అనలేదు."

"తిట్టడానికి కూడా తలుచుకోలేదన్నమాట" అంది. చారు తేవడానికి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

నేను కంచంలో ఉన్నదంతా తిన్నాను. ఒక్క మెతుకు వదల్లేదు. ఎలా తిన్నానో నాకు తెలియదు.

ఒక్క మాట చెబితే ఆవిడ ఏడుపు ఆగుతుంది. ఆ మాట చెబితే ముప్పై సెంట్లు పోతాయి. ముప్పై సెంట్లు లేని మాట చెబుదామంటే నాన్న అలాంటి మాట ఒక్కటీ అనలేదు.

ఆగస్టు 5

ఆడపడుచు హక్కు వదులుకునే రోజున పుట్టింటివాళ్ళు భోజనం పెట్టి, చీర పెట్టి సంతకం పెట్టించుకోవడం మా వైపు ఆనవాయితీ. శ్రీదుర్గ ఆకుపచ్చ నేతచీర తెచ్చింది. ఇంకా మంచిది తీసుకురా అన్నాను. మార్చి ఇంకోటి తెచ్చింది. అదీ బాగాలేదన్నాను. "అక్కగారంటే ఇంత ప్రేమని ఇన్నాళ్ళూ నాకు తెలీదండి" అంది. నిజంగానే అంది, ఎత్తిపొడుపు కాదు.

నలభై సెంట్లకి చీర పెట్టే ఆనవాయితీ ఎవడు పెట్టాడో గాని, వాడికీ ఒక అక్క ఉండే ఉంటుంది.

ఆగస్టు 11

అక్కని శారోన్ గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు నన్ను బయట నిలబెట్టి ఇద్దరూ మాట్లాడుకున్నారు. తరవాత నన్ను పిలిచి, దస్తావేజు చిత్తు చదవడం మొదలుపెట్టారు. ఒక్కో వాక్యం చదివి అక్క మొహం చూస్తారు. అక్క ఆయ్ అంటుంది. తరవాతి వాక్యం.

"మన తండ్రిగారు తన స్థిరాస్తి విషయమై ఎట్టి మరణశాసనమూ గాని, ఏర్పాటూ గాని చేయకుండానే స్వర్గస్థులైనందున..."

"అంటే ఏంటండి?" అంది అక్క.

"ఎవరికేం ఇవ్వాలో చెప్పకుండా పోయేరని అండి. అంతేనాండి కుమారస్వామి గారూ?"

అంతేనన్నాను. ఇన్నాళ్ళూ ఊరికే అన్నమాట. ఇప్పుడు స్టాంపు కాగితం మీదకెక్కబోతోంది.

అక్క చూపు కిటికీ వైపు పోయింది. నాకు అదేమిటో అక్కడ ఉండబట్టలేదు. "ఆస్తి సంగతి కాదు గాని, నిన్ను తలుచుకున్నారక్కా" అన్నాను. "సత్యం జాగ్రత్త అన్నారు."

అక్క నా వైపు తిరిగి చిన్నగా నవ్వింది. "నాన్న నన్ను ఏనాడు జాగ్రత్తన్నారురా? నూతి చప్టా ఎక్కి ఆడుకుంటుంటే, పడితే తాడు నువ్వే తెచ్చుకో అనేవారు. ఆయన నోట జాగ్రత్తన్న మాట రాదు." నా చెయ్యి మీద చెయ్యి వేసింది. "నేను బాధపడతానని అబద్ధం ఆడేవు. మంచోడివిరా నువ్వు."

శారోన్ గారు కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు.

ఆగస్టు 12

మంచోడివిరా నువ్వు అంది.

శారోన్ గారు ఫోను చేశారు. ఇరవై రెండు శుక్రవారం రిజిస్ట్రేషను. "ఏమన్నా చెప్పాలనుంటే సంతకానికి ముందు చెప్పెయ్యండి. తరవాత చెబితే అది ఇంకో కేసవుతుందండి" అన్నారు. ఎవరికి చెప్పాలో అనలేదు. ఆయ్ అన్నాను.

ఆగస్టు 17

శ్రీదుర్గ ఇంటి ప్లాను గీయించింది. ముందు వరండా, కాలవ కనబడేటట్టు. "మావయ్యగారి పేరు పెడదామండి ఇంటికి" అంది. వద్దన్నాను. మూతి ముడుచుకుని ప్లాను చుట్టేసింది.

ఆగస్టు 19

చెప్పెయ్యాలని ఆఫీసుకి సెలవు పెట్టి మురమళ్ళ ఆటో ఎక్కాను. ముమ్మిడివరంలో దిగిపోయాను. కాసేపు నిలబడి వెనక్కొచ్చాను. ఎక్కడికెళ్ళారని శ్రీదుర్గ అడిగింది. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టు, ముమ్మిడివరంలో వంకాయలు బాగుంటాయని వెళ్ళానన్నాను. సంచీలో వంకాయలు కూడా లేవు.

ఆగస్టు 22

అవలేదు.

ఆగస్టు 23

నిన్న రాయలేకపోయాను. ఇవాళ రాస్తాను.

పదిన్నరకి అందరం రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నాం. అక్క కొత్తచీర కట్టుకుని వచ్చింది, శ్రీదుర్గ ముందురోజే పంపించింది. తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చింది. సాక్షులుగా అబ్బులూ, బుజ్జిబాబూ. శ్రీదుర్గ ఇంటి దగ్గర అక్క భోజనానికి వంట చేస్తోంది. శారోన్ గారు దస్తావేజు ఇంకోసారి చదివారు. అక్క సంతకాలు పెట్టింది. ప్రతి కాగితం మీదా సత్యనారాయణమ్మ అని పూర్తిగా, పలక మీద రాసినట్టు, ఒక్కో అక్షరం.

ఇంక వేలిముద్రలు. గుమస్తా చిన్న యంత్రం జరిపాడు. అక్క బొటనవేలు పెట్టింది. పడలేదు. "గట్టిగా నొక్కండమ్మా" అన్నాడు. పడలేదు. చూపుడువేలు పెట్టింది. పడలేదు. ఈనెలు గీసి గీసి ఆ వేళ్ళ మీద గీతలే మిగల్లేదు. "కాస్త కడుక్కుని రండమ్మా" అన్నాడు. కుళాయి దగ్గర సబ్బుతో కడుక్కొచ్చింది. వెనక లైనులో జనం విసుక్కుంటున్నారు.

నేను జేబురుమాలు తీశాను. అక్క చెయ్యి నా చేతిలోకి తీసుకుని, ఒక్కో వేలూ తుడిచాను. వేలి కొసలు చెక్కలా ఉన్నాయి. గట్టిగా రుద్దాను, వెచ్చబడితే పడుతుందని ఎవరో అన్నారు. చిన్నప్పుడు ఆ చేత్తోనే నాకు అన్నం కలిపి పెట్టేది. అది నాకప్పుడు గుర్తు రాలేదు. ఇప్పుడు రాస్తుంటే వచ్చింది. అప్పుడు నాకు కావలసింది ముద్ర పడడం.

నాలుగోసారి పెట్టింది. యంత్రం కూతపెట్టి ఎర్రదీపం చూపించింది.

అక్క వేలు తీసేసింది. "నాన్నే ఒప్పుకోవడం లేదురా" అంది, చాలా నెమ్మదిగా. "ఆ రోజూ అంతే కదా. నా చేత్తో ఏం చేసినా ఆయనకి పట్టదు. ఇస్తున్నా పట్టదు."

నా చేతిలో జేబురుమాలు ఇంకా ఉంది. "అక్కా, నాన్న మాట్లాడేరు" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. గుమస్తా తలెత్తాడు. బుజ్జిబాబు నోరు తెరిచాడు. అక్క మళ్ళీ జాగ్రత్తన్న అబద్ధమే చెబుతున్నాననుకుంది, తల అడ్డంగా ఊపబోయింది. నేను ఆగలేదు. ముప్పై సెంట్లూ చెప్పాను. గంగబొండం చెట్లు చెప్పాను. నా గుమ్మం తొక్కనంది కదా, రోడ్డు పక్కదైతే తొక్కకుండానే దింపించుకుంటుంది అన్నది, ఆయన అన్నట్టే చెప్పాను.

శారోన్ గారు లేచి, "ఈ దస్తావేజు ఇవాళ కాదండి" అని గుమస్తా ముందున్న కాగితాలు తీసేసుకున్నారు.

బయట దస్తావేజు లేఖరులు కూర్చునే రేకుల షెడ్డులో బల్ల మీద అక్కని కూర్చోబెట్టాం. అబ్బులు మంచినీళ్ళు తెచ్చాడు. తాగలేదు.

"మళ్ళీ చెప్పు" అంది.

చెప్పాను.

"ఏ పూట?"

మధ్యాహ్నం మూడింటికన్నాను. కరెంటు లేదన్నాను. తరవాత నీళ్ళడిగారా, ఎన్ని తాగారు, ఎవరు పట్టారు, నా పేరు సత్యం అన్నారా సత్యవతి అన్నారా, ఇవన్నీ అడిగింది. చిన్నప్పుడు ముద్దొస్తే సత్యవతి అనేవారు. సత్యం అన్నారని చెప్పాను. తల ఊపింది.

"గుమ్మం మాట మళ్ళీ చెప్పు."

చెప్పాను. అక్క నవ్వింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. "చూసేవా, ఎంత పొగరో. పోనీ గుమ్మం తొక్కవే అనొచ్చు కదా. అనరు. రోడ్డు పక్క ముక్కిస్తారు." కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. "ఇది నాన్న మాటే. ఇంకెవరూ ఇలా అనరు." నాలుగేళ్ళలో అక్క అలా నవ్వడం నేను చూడలేదు.

శారోన్ గారు నెమ్మదిగా, "చట్టం ప్రకారం మీకు సగం వస్తుందమ్మా, నలభై. ఇద్దరికీ భాగాలు వేసి వేరే దస్తావేజు రాస్తాను" అన్నారు.

"ముప్పై చాలండి. నాన్న ఎంతంటే అంతే. వీడి ఇంటికి దారి వదిలి రాయండి" అంది అక్క.

అప్పుడు ఆవిడ నవ్వు తగ్గింది. కొంగు దించి నా వైపు చూసింది. అప్పటిదాకా నాన్ననే చూస్తున్నట్టుంది, నన్ను అప్పుడే చూసింది.

"ఈ మాట రెండు నెలలు నీ దగ్గరుందా తమ్ముడూ?"

"ఉందక్కా."

"ముక్క కావాలని అడిగితే రాసిచ్చేసేదాన్ని కదరా. ఇవాళ ఊరికే రాసివ్వడానికే కదా వచ్చేను."

నేను జేబురుమాలు మడత పెట్టాను.

"నేనడిగేను కదా నిన్ను. అన్నం వడ్డిస్తూ అడిగేను కదా. తిట్టినా పర్లేదు చెప్పమన్నాను కదా."

"అడిగేవక్కా."

అక్క శారోన్ గారిని ఎప్పుడు రమ్మంటారని అడిగింది, సోమవారం అని ఆవిడ చెప్పారు. అబ్బులు దగ్గర నీళ్ళు పుచ్చుకుని మొహం కడుక్కుని, మురమళ్ళ ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆటో రావడానికి పావుగంట పట్టింది. తిడుతుందేమోనని ఆ పావుగంటా ఆవిడ పక్కనే నిలబడ్డాను. తిట్టలేదు.